చిక్కుపడే తీరిక లేని దారం

సంక్రాంతి ముందూ వెనకా గుంటూరు నుంచి అమరావతి వెళ్లే రోడ్డు పక్కన తుమ్మకంపలు తెల్లగా పూసినట్టుంటాయి. పూత కాదది, పత్తి. జిన్నింగ్ మిల్లులకు పోయే లారీలు పొట్టలు ఉబ్బేట్టు లోడెత్తుకుని, పైన వల కట్టుకుని, మలుపుల దగ్గర కంపల్ని రాసుకుంటూ పోతాయి. ముల్లుకింత పింజ మిగులుతుంది. బండి మీద ఆ దారిన ఇంటికొచ్చిన రోజున నల్లప్యాంటు మీద నాలుగు పోగులు అంటుకుని ఉంటాయి. దులిపితే పోవు, గోటితో ఒక్కొక్కటే పట్టి తీయాలి. అలా తీసినదాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూస్తుంటాను. అంగుళం పైన కాస్త ఉంటుంది. గుండ్రంగా ఉండదు, ఎండి, బల్లపరుపై, తనలో తాను మెలికలు తిరిగి ఉంటుంది. ఊదితే ఎగిరిపోతుంది. ఉతకాల్సిన బట్టలన్నీ చేతిలో పట్టుకుని నిలబడి, అందులో చూడ్డానికేముంది అంటుంది మా ఆవిడ. ఉన్న సంగతి ఇదీ: ఆ పోగు కొసనుంచి కొసదాకా ఒకే ఒక్క కణం. ఈ మాట ఎప్పుడు తెలిసిందో గుర్తులేదు గానీ, తెలిసిన దగ్గర్నుంచి నన్ను వదల్లేదు.

ఇంటర్‌లో ఉల్లిపొరను మైక్రోస్కోపు కింద పెట్టి చూపించినప్పుడు కణాలు ఇటుకల వరసల్లా కనిపించాయి. కణమంటే మామూలు కంటికి ఆనని వస్తువన్న ఊహ అప్పుడే పాతుకుపోయింది. పత్తి ఆ ఊహను లెక్కచేయదు. పువ్వు విచ్చిన రోజునే గింజ తోలు మీది కణాల్లో కొన్ని పైకి ఉబ్బుతాయి, ఒక్కో గింజ మీద వేల సంఖ్యలో. అక్కణ్నుంచి ఇంచుమించు మూడు వారాల పాటు, విభజన ఊసే లేకుండా, ఒక్కో కణం అలా సాగుతూనే పోతుంది. మందం చూస్తే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. తర్వాత లోపలి గోడ మీద సెల్యులోజు పొరలు పొరలుగా పేరుతుంది. కాయ పగిలేసరికి లోపలి రసం ఇంకిపోయి కణం చచ్చిపోతుంది. మనం ఏరేదీ, తూచేదీ, తేమ ఎక్కువుందని కొనేవాడు రేటు తగ్గిస్తే కొట్లాడేదీ దాని గోడ కోసమే. నా ప్యాంటు మీద పడ్డది ఆ ఖాళీ గోడ. బతికున్న ఆ కొన్ని వారాలూ మాత్రం దాని లోపల ఒక కేంద్రకం ఉండేది. మన చేలల్లో వేసే అమెరికన్ పత్తికి, దాని పేరు బన్నీ అయినా బ్రహ్మ అయినా, కేంద్రకంలో 52 క్రోమోజోములు. వాటిలోని డీఎన్‌ఏ పోగులన్నిటినీ కొసకు కొస కలిపి చాస్తే ఒకటిన్నర మీటరు పైనే వస్తుంది. అంగుళం పోగు, అందులో ఎక్కడో మిల్లీమీటరులో నూరో వంతుకు అటూఇటూగా ఉండే చుక్క, ఆ చుక్కలో అయిదడుగుల దారం! ఆ దారం చిక్కెందుకు పడదు?

ఈ ప్రశ్న పుట్టాక వంటింట్లో ఎండుమిరపకాయ తొడిమ తీస్తున్నా అదే ధ్యాస. 2014లో మిరప జన్యుపటాన్ని ప్రచురించిన బృందాల్లో ఒకటి సియోల్ నేషనల్ యూనివర్సిటీది. వాళ్లు తీసుకున్నది మెక్సికో నాటు రకం, దాని పేరు సీఎం 334. మన మిర్చి యార్డులో 334 అంటే లాం ఫారంలో పుట్టిన ఎల్‌సీఏ 334. ఆ అంకెకూ ఈ అంకెకూ సంబంధం లేదు, కుదిరిందంతే. అయినా ఆ పరిశోధన చదువుతుంటే మా ఊరి సరుకు గురించే చదువుతున్నట్టనిపించి కుర్చీ ముందుకు జరుపుకున్నాను. మిరపకు సుమారు 350 కోట్ల అక్షరాలట. మనిషికున్నవి 310 కోట్లు. ఒక్క ఘాటుకి ఇంత గ్రంథమా అనుకోబోతే, అందులో ముప్పాతిక పైన తమకు తామే నకళ్లు తీసుకుంటూ పేరుకుపోయిన ముక్కలే. అదంతా 24 క్రోమోజోముల్లో సర్దుకుని ఉంటుంది. కాగితం మీద లెక్కేస్తే ఒక్కో క్రోమోజోములోని దారం సగటున పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ. దాదాపు కాయంత పొడుగన్నమాట. కళ్లంలో ఆరబోసిన రాశిలోంచి ఒక కాయ తీస్తే, అది పచ్చిగా ఉన్నప్పుడు దాని ప్రతి కణంలోనూ తనంత పొడుగు దారాలు 24 మడతపడి ఉండేవి. ఈ కొలత కలవడంలో అర్థమేమీ లేదని తెలుసు. ప్రకృతి కాయ పొడుగు చూసి దారం కత్తిరించలేదు. కానీ అర్థం లేని సంగతులు కూడా మనిషికి తోడుంటాయి కదా.

మొదట్లో ఇదంతా ఇరుకు సమస్య అనుకున్నాను. రెండు మీటర్ల దారాన్ని కంటికి కనపడని డబ్బీలో కుక్కడమంటే ఊపిరాడదు కదా అని. లెక్క అలా చెప్పదు. డీఎన్‌ఏ దారం మందం రెండు నానోమీటర్లే. మిరప కణంలోని దారం మొత్తం ఘనపరిమాణం తీస్తే, పది మైక్రోమీటర్ల కేంద్రకంలో వందో వంతో రెండొంతులో ఆక్రమిస్తుంది, అంతే. దాన్ని చుట్టుకున్న ప్రోటీన్లను కలిపినా బోలెడు చోటు మిగులుతుంది. గొడవంతా పొడుగుతోనే. పొడుగాటి దారాన్ని కదలనిస్తే దానంతటదే ముడిపడుతుంది. 2007లో కాలిఫోర్నియాలో డోరియన్ రేమర్, డగ్లస్ స్మిత్ అనే ఇద్దరు ఒక డబ్బాలో తాడు ముక్క వేసి గిరగిరా తిప్పి, తెరిచి చూసి, మళ్లీ వేసి తిప్పి, ఇదే పనిగా ప్రయోగాలు చేశారు. సెకన్లలోనే ముడులు పడుతున్నాయి. తాడు పొడుగయ్యేకొద్దీ ఎక్కువగా, చిత్రవిచిత్రంగా. దీనికి వాళ్లకు నవ్వులాటకిచ్చే ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. నాకైతే నవ్వు రాలేదు. మంగళగిరిలో ఒకావిడ కండెలు చుట్టడం చూశాను. రాట్నం పక్కన తిరిగే చక్రానికి నూలు చిలప తొడిగి ఉంది. ఎడమచేతి రెండు వేళ్ల మధ్యనుంచి పోగు జారుతోంది. ఆ వేళ్ల చర్మం మీద నూలు రాసుకుని రాసుకుని ఒక గీత పడి ఉంది, గాజుముక్కలా నున్నగా. ఒకచోట పోగు ఆగింది. నేను సాయం చేద్దామని చెయ్యి పెట్టబోయాను. "లాగమాక బాబూ, లాగితే ముడి పడుద్ది. వొదులు చెయ్యి, అదే వచ్చుద్ది" అంది. చిలపకు అక్కడక్కడా అడ్డంగా చిన్న దారాలు కట్టి ఉన్నాయి, పోగులు ఒకదాని మీదకొకటి ఎక్కకుండా. కట్లు ముందే తెంపేస్తే చిలపంతా గుడ్డిచిక్కు అయిపోతుందట. ఆవిడ చెప్పిన రెండు ముక్కలకూ అప్పుడు బుర్ర ఊపి వచ్చేశాను.

మా మేనకోడలు హైదరాబాదులో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. పని ఏమిటమ్మా అంటే "కంప్యూటర్లో పూసలదండలు కదిలిస్తుంటాను మావయ్యా" అంటుంది. నిజంగా అంతే. ఒక్కో పూస అంటే డీఎన్‌ఏలో కొన్ని వేల అక్షరాల ముక్క. పూసకు పక్కపూసతో బంధం, ఒకదాన్లోంచి ఒకటి దూరిపోకూడదన్న నియమం, పైన కొంచెం వేడి పుట్టించే కుదుపు. అంతకుమించి ఆ దండకు జీవం గురించి ఏమీ తెలియదు. పాలిమర్ భౌతికశాస్త్రంలో నాకు వింతగా తోచేది ఈ పట్టనితనమే. రబ్బరు, నైలాను, జిగురు, డీఎన్‌ఏ, ఏదైతేనేం, పొడుగాటి గొలుసు అయితే చాలు, దాని నడవడికి కొన్ని ఉమ్మడి సూత్రాలుంటాయని పాల్ ఫ్లోరీ చూపించాడు. 1974లో ఆయనకు నోబెల్ వచ్చింది. గొలుసు పొడుగు పెరిగితే అది ఆక్రమించే ఉండ ఎంత పెరుగుతుందన్నది ఒక్క ఘాతాంకంలో పట్టుబడుతుందట. జీవశాస్త్రం చదివినవాళ్లు ఒక్కో ప్రోటీను పేరూ ముద్దుగా పలుకుతారు. వీళ్లేమో పేర్లన్నీ చెరిపేసి, గొలుసుకి గొలుసుగా ఉండడం వల్లనే ఏమొస్తుందో చూస్తామంటారు. ఏది గొప్ప మర్యాద? తేల్చుకోలేకపోతున్నాను. మనిషిని ఊరూపేరూ అడక్కుండా ఆకలికి అన్నం పెట్టే సత్రం ఒకటీ, పేరు పెట్టి పిలిచి పీట వేసే చుట్టాలిల్లు ఒకటీ, రెండూ మర్యాదే అనిపిస్తుంది.

చిక్కెందుకు పడదన్న ప్రశ్నకు ఆ అమ్మాయి చెప్పిన జవాబు నాకు కొన్నాళ్లపాటు నిద్రలో కూడా తిరిగింది. "పడదని ఎవరన్నారు మావయ్యా? టైమివ్వట్లేదు, అంతే." కిక్కిరిసిన గొలుసుల మధ్య ఒక పొడుగాటి గొలుసు పక్కకు జరగలేదు; అడ్డంగా అన్నీ తగులుతాయి. తన పొడవు వెంబడే ముందుకో వెనక్కో పాకాలి. ఫ్రాన్సుకు చెందిన పియర్ జిల్ ద జెన్ 1971లో ఈ పాకుడుకు సూత్రం రాశాడు, 1991లో ఆయనకూ నోబెల్ దక్కింది. గొలుసు రెట్టింపు పొడుగైతే తన చోటు వదిలి బయటపడడానికి పట్టే కాలం ఇంచుమించు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. మరి క్రోమోజోమంత పొడుగు గొలుసుకో? 2008లో ఏంజెలో రోసా, రాల్ఫ్ ఎవరాయర్స్ కట్టిన లెక్కలో మనిషి క్రోమోజోములు ఒకదాన్లో ఒకటి పూర్తిగా కలగలిసిపోవడానికి వందల ఏళ్లు కావాలి. కణానికి ఒక విభజన నుంచి మరో విభజనకు ఉండేది ఒక రోజు, మహా అయితే మనిషి జీవితకాలం. విభజన ముగిసినప్పుడు గట్టిగా చుట్టుకుని విడివిడిగా ఉన్న క్రోమోజోములు ఆ తర్వాత వదులవుతాయి, ఉబ్బుతాయి, పొరుగువాటిని ఆనుకుంటాయి. కలిసిపోయేలోపే మళ్లీ చుట్టుకునే వేళవుతుంది. ఎవరి చోటు వాళ్లదిగా మిగిలిపోతుంది. 1885లోనే ఆస్ట్రియాకు చెందిన కార్ల్ రాబుల్ సాలమండర్ కణాల్లో క్రోమోజోములు విభజన నాటి అమరికను కేంద్రకంలో నిలుపుకుంటాయని ఊహించాడు. 1982లో జర్మనీలో థామస్ క్రెమర్, క్రిస్టోఫ్ క్రెమర్ అన్నదమ్ములు లేజరుతో కేంద్రకంలో ఒక చిన్న తావు మీద దెబ్బకొట్టి చూశారు. అన్నీ కలగాపులగంగా ఉంటే గాయం అన్ని క్రోమోజోముల మీదా కనపడాలి. కొన్నిటి మీదే కనిపించింది.

అంటే కేంద్రకంలో మనకు కనపడే పద్ధతికి సర్దిన చేయి ఉండకపోవచ్చు. చెదరడానికి తీరిక లేకపోవడమే కారణం కావచ్చు. ఇది ఆలోచిస్తుంటే కొంచెం దిగులుగానూ, కొంచెం ధైర్యంగానూ ఉంటుంది. మా పెదనాన్నగారి ఉమ్మడి కుటుంబం అంతకాలం కలిసి ఉండడం ఆయన పెద్దరికం వల్లనేనని అందరం అనుకుంటాం. నిజంగా పెద్దరికమా, లేక కారం, పొగాకు, పత్తి వరసగా మీదపడి ఎవరికీ దెబ్బలాడుకునే తీరిక చిక్కలేదా? ఇలా అడిగితే మా వాళ్లకు కోపమొస్తుంది. నాకూ పూర్తిగా నమ్మకం లేదు. భౌతికశాస్త్రాన్ని తెచ్చి బంధువుల మీద రుద్దడం ఒక రోగం, అది నాకుందని మేనకోడలు ముందే చెప్పింది.

ఈ కథలో నాకు బాగా నచ్చే మనుషులు ముగ్గురున్నారు: అలెగ్జాండర్ గ్రోస్‌బర్గ్, సెర్గేయ్ నెచాయెవ్, యూజీన్ షాక్‌నోవిచ్. 1988లో, చూసే సాధనం ఏదీ చేతిలో లేనప్పుడు, వీళ్లొక మాటన్నారు. పొడుగాటి గొలుసు ముడులు పడకుండా ముద్దగా కుంచించుకోవాల్సి వస్తే, ముందు చిన్నచిన్న తునకలు ఎక్కడివక్కడ నలుగుతాయి. ఆ నలిగిన ఉండలు కలిసి మళ్లీ నలుగుతాయి. అవి కలిసి మరోసారి. ఏ మెట్టు దగ్గర చూసినా నలిగిన ఉండే. అలాంటి ముద్దలో ఏ ముక్కనైనా చుట్టుపక్కల చిక్కు లేకుండా విప్పుకుని, చదువుకుని, మళ్లీ మడిచేయొచ్చు. కాగితం మీద అది కాగితంగానే ఇరవై ఏళ్లు ఉండిపోయింది. 2009లో ఎరెజ్ లీబర్మన్ ఐడెన్, యోబ్ డెక్కర్ వాళ్ల బృందం హై-సీ అనే పద్ధతిని ప్రచురించింది. అందులో లియోనిద్ మిర్నీ అనే భౌతికశాస్త్రవేత్త కూడా ఉన్నాడు. కేంద్రకాన్ని ఫార్మాల్డిహైడ్‌తో ఉన్నదున్నట్టు బిగించి, లోపలి దారాన్ని ముక్కలుగా కోసి, ఆ క్షణాన పక్కపక్కనున్న కొసల్ని అతికించి, ఆ అతుకుల్ని చదువుతారు. ఎవరు ఎవరి పక్కన దొరికారో ఒక పెద్ద పటం తయారవుతుంది. అందులోంచి వచ్చిన ముఖ్యమైన సంఖ్య చూడ్డానికి పేలవంగా ఉంటుంది. అయిదు లక్షల నుంచి డెబ్భై లక్షల అక్షరాల దూరాల మధ్య, దారం వెంబడి దూరం పదింతలైతే రెండు చోట్లు తగిలే అవకాశం పదో వంతుకు పడిపోతోంది. గొలుసు తీరిగ్గా చిక్కుపడి ఉంటే అది ముప్పయ్యో వంతుకు పడిపోవాలి. పదో వంతు! ఇరవై ఏళ్ల కిందటి నలిగిన ఉండ లెక్క సరిగ్గా అదే. అప్పుడు ఆ ముగ్గురూ టీ తాగుతూ ఆ పేపరు చదివి ఏమనుకుని ఉంటారా అని ఊహించుకోవడం నాకొక సరదా.

ఈ పటాల వల్ల దగ్గర, దూరం అన్న లెక్కే మారిపోయింది. దారం వెంబడి లక్షల అక్షరాల అవతలున్న ముక్క మడతలో వచ్చి భుజానికి భుజం తగిలించుకుని కూర్చుంటుంది. అలా తగిలితేనే కొన్ని జన్యువులు మేలుకుంటాయి. ఇది పల్నాడు రైతుకు పట్టని వ్యవహారమేమీ కాదు. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. పత్తి కణంలోకి ఒక జన్యువును చొప్పించినప్పుడు అది ఎక్కడ పడాలన్నది చొప్పించేవాళ్ల చేతుల్లో ఉండేది కాదు. పడ్డ చోటును బట్టి అదే జన్యువు ఒక మొక్కలో గట్టిగా పనిచేస్తుంది, ఇంకో మొక్కలో మూగబోతుంది. అందుకే చాలా మొక్కల్ని తయారుచేసి, జల్లెడపట్టి, సరైన చోట పడ్డ ఒక్కదాన్ని పట్టుకుంటారు. ఆ ఒక్క చొప్పింపుకే ఈవెంట్ అని పేరు. సంచి మీద రాసి ఉండే బోల్‌గార్డ్ వెనక ఉన్నది మోన్ 531 అనే అలాంటి ఒక ఈవెంట్. విత్తనాల కొట్టు దగ్గర క్యూలో నిలబడినవాళ్లం మేము ప్యాకెట్ రేటు గురించే మాట్లాడుకున్నాం. లోపల జన్యువు ఏ పేటలో ఇల్లు కట్టుకుందో ఎవరికి కావాలి?

పేట అనేసరికి రాజధాని ఊళ్లు గుర్తొస్తాయి, రాకుండా ఎలా ఉంటాయి. 2015లో తుళ్లూరు చుట్టుపక్కల ఊళ్లలో ముప్పైమూడు వేల ఎకరాలకు పైగా పొలాలు సమీకరణలోకి వెళ్లాయి. జరీబుకొక లెక్క, మెట్టకొక లెక్క. ఇచ్చిన పొలానికి బదులు లాటరీలో ప్లాట్లు. తరతరాలుగా గట్టు పక్క గట్టుగా బతికినవాళ్లు, గెనెం దగ్గర మూరెడు జరిగిందని ఏళ్లకేళ్లు మాటలు మానేసినవాళ్లు, ప్లాట్ల పటంలో ఎక్కడెక్కడో తేలారు. మరో ఊరి కొత్త మనిషి వచ్చి పక్కన చేరాడు. దారంలో దూరంగా ఉన్నవి మడతలో దగ్గరయినట్టేనా ఇది? కొంతదూరం వరకే. క్రోమోజోము ఎంత మడతపడినా దారం తెగదు. పక్కక్షరం పక్కక్షరంగానే ఉంటుంది, మడత విప్పగానే పాత వరస వచ్చేస్తుంది. ఇక్కడ దారాన్నే ముక్కలు చేసి కొత్తగా కట్టారు. గెనేలు చదును చేసేశాక ఏది విప్పినా నా చిన్నప్పటి వరస రాదు. పోలిక ఇక్కడితో ఆపేయడమే మంచిది.

ముక్కలై మళ్లీ కలిసిన వరస పత్తిలోనే ఒకటుంది. అమెరికన్ పత్తి రెండు జాతుల కలయిక. ఒక వైపు మన దేశవాళీ పత్తికి దగ్గరి చుట్టమైన ఆఫ్రికా, ఆసియా వంశం. రెండో వైపు అమెరికా ఖండపు అడవి పత్తి వంశం. పది, ఇరవై లక్షల ఏళ్ల కిందట ఇవి కలిసి ఒకే కేంద్రకంలో కాపురం పెట్టాయి. 26 క్రోమోజోములు అటువి, 26 ఇటువి. కంపెనీ సంచిలో వచ్చే హైబ్రిడ్ విత్తనంలో కూడా సగం మన పాత నాటుపత్తికి దాయాది. ఇలా కలిసినప్పుడు మడతలు ఏమయ్యాయి? 2018లో చైనాలో వూహాన్‌లోని హువాజోంగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు రెండు పాత వంశాల పత్తుల్నీ, కలిసిన పత్తుల్నీ పక్కపక్కన పెట్టి హై-సీ పటాలు గీశారు. చురుగ్గా ఉండే పేటలు కొన్ని మందకొడివిగా, మందకొడివి కొన్ని చురుగ్గా మారాయి. పేటల సరిహద్దులు కూడా కొన్నిచోట్ల కొత్తగా గీసుకున్నాయి. కొత్త కాపురంలో పాత అలవాట్లు కొన్ని సర్దుకున్నట్టు. 2022లో మిరపకూ అలాంటి పటం వచ్చింది. అన్నిటికన్నా ఇరుగుపొరుగు ముఖ్యమని పటాలన్నీ ఒక్క గొంతుతో చెబుతున్నట్టు తోచి, నేను ఆ మాటే మేనకోడలికి గొప్పగా చెప్పాను.

ఆవిడ ఒప్పుకోలేదు. పటమంటే లక్షల కణాల్ని ఒకేసారి ఫార్మాల్డిహైడ్‌లో ముంచి తీసిన సగటు, ఒక్క కణం ముఖం కూడా అందులో లేదు అంది. నలిగిన ఉండ లెక్క కుదిరింది నిజమే. అదే సంఖ్యను వేరే దారిలోనూ తేవచ్చు. కొహెసిన్, కాండెన్సిన్ అని ఉంగరాల్లాంటి ప్రోటీన్లున్నాయి. అవి దారాన్ని పట్టుకుని ఉచ్చు వేసి, ఉచ్చును లాగుతూ పెద్దది చేస్తాయి. దీన్ని మిర్నీ బృందం, ఐడెన్ బృందం 2015, 2016ల్లో కంప్యూటర్లో ఊహించి చూపించాయి. 2018లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఒక్క కాండెన్సిన్ ఒక్క డీఎన్‌ఏ పోగును సెకనుకు 1,500 అక్షరాల దాకా లాగుతుండగా కళ్లారా చూశారు. నా దారం మీద చేయి వేసేవాళ్లున్నారన్నమాట! మంగళగిరి ఆవిడ కట్టిన అడ్డదారాలు గుర్తొచ్చి, నా తీరికలేని సిద్ధాంతం కాస్త చిన్నబోయింది. పోనీ ఆ ఉచ్చయినా స్థిరంగా ఉంటుందా? 2022లో ఎలుక కణాల్లో ఒకే ఉచ్చు రెండు కొసలకూ రంగుచుక్కలు పెట్టి బతికుండగానే గమనించారు. ఉచ్చు పూర్తిగా ముడిచి ఉన్నది మొత్తం కాలంలో నూటికి మూడు నుంచి ఆరు వంతులే. ఒకసారి ముడిస్తే పది నిమిషాలు, మహా అయితే అరగంట. పటంలో ముదురెరుపు చుక్కగా, ఏదో శాశ్వత చుట్టరికంలా కనిపించేది ఇదీ. ఇరుగుపొరుగు గురించి నేను కట్టుకున్న మేడకు పునాది అరగంట!

నేను పట్టు వదల్లేదు. జంతువుల్లో ఆ ఉచ్చు ఎక్కడ ఆగాలో చెప్పడానికి సీటీసీఎఫ్ అనే ప్రోటీను దారం మీద సరిహద్దు రాయిలా కూర్చుంటుందని చదివాను. హైదరాబాద్ సీసీఎంబీలో రాకేశ్ మిశ్రా బృందం పండ్ల ఈగల డీఎన్‌ఏలో ఏళ్ల తరబడి వెతికింది ఇలాంటి సరిహద్దు ముక్కల్నే. రాయి ఉందంటే పేట ఉన్నట్టే, అరగంట కాపురమైనా హద్దు హద్దే కదా అన్నాను. "జంతువుల సంగతి అది. మీ పత్తికీ మిరపకూ సీటీసీఎఫ్ లేదు మావయ్యా" అంది. మొక్కలకు వేటికీ లేదట. అయినా పటాల్లో పేటలు కనపడుతూనే ఉన్నాయి. వరిలో పేటల అంచుల దగ్గర టీసీపీ అనే ప్రోటీన్లు వచ్చి కూర్చునే గుర్తులు ఎక్కువగా దొరికాయని సంబరపడ్డారు; తీరా మార్కాన్షియా అనే చిన్న నేలమొక్కలో ఆ ప్రోటీన్ను తీసేసి చూస్తే పేటల అంచులు ఎక్కడివక్కడే ఉన్నాయి. చురుగ్గా చదవబడే జన్యువులే హద్దులవుతాయని కొందరు, ఒకే రకం ముక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుని గుమిగూడితే హద్దు దానంతటదే పడుతుందని కొందరు. మరి నీ పూసలదండలో దేన్ని పెట్టావు, ఉంగరాన్నా, జిగురునా అని అడిగాను. "రెండూ పెట్టకుండా నడుపుతున్నా. వారం నుంచి నడుస్తోంది. ముందు దారం ఒక్కటే ఏం చేస్తుందో తెలియాలిగా" అని ఫోను పెట్టేసింది.